మాటతో చేయు కాయకము

(కె.కోటపాడు శివానుభవ గోష్ఠిలో చేసిన ప్రసంగము)





పోయిన పర్యాయము నేనీ ఊరు వచ్చినప్పుడు కాయకమును గూర్చి ముచ్చటించితిని. మడివాళ మాచయ్య బట్టలుతికినాడు, అంబిగర చౌడయ్య పడవ నడిపినాడు, నులియ చందయ్య త్రాళ్లు పేనినాడు, మోళిగ మారయ్య కట్టెలు మోసి అమ్మినాడు అని చెప్పితిని. మీరందరును ఆదరముతో వింటిరి. ప్రసాద స్వీకారమైన పిమ్మట ఒక యువకుడు వచ్చి నా ప్రక్కన కూర్చుండెను. ఈ ప్రాంతపు బిడ్డయే. తండ్రి చెరకు రైతు. తాను చదువుకొని విశాఖపట్నము వైపున ఒక కర్మాగారములో పౌర సంబంధాల అధికారిగా కుదిరి అయిదేండ్లయినదట.

"అయ్యవారూ! మీరు చెప్పిన శరణులందరి చేతిలోనూ ఏదో ఒక పనిముట్టు ఉంది. తెడ్డు ఉంది, గొడ్డలి ఉంది. నా చేతిలో ఏముంది? మాటలు. మా కంపెనీ మంచిదని పదిమందికీ చెప్పడమే నా పని. నాన్న చెమటోడిస్తే బెల్లం వస్తుంది. నేను చెమటోడిస్తే కాగితం వస్తుంది. ఇది కాయకమేనా? పొద్దున్నే ఇష్టలింగం చేతిలో పెట్టుకుని కూర్చుంటే ఈ ప్రశ్నే అడ్డొస్తోంది" అని అడిగినాడు.

నేను వెంటనే సమాధానము చెప్పలేకపోతిని. ఆలోచించి వచ్చెదనంటిని. ఆయన మరొక కష్టమును కూడ చెప్పుకొన్నాడు. దానిని తరువాత విన్నవించెదను. నేటి ప్రసంగము ఆ యువకునికి నేను పడిన బాకీ.

మన పెద్దలలో కొందరికి ఈ ఉద్యోగము పేరే క్రొత్త. ప్రభుత్వములో దీనికొక శాఖయే కలదు, సమాచార పౌర సంబంధాల శాఖ యని. కర్మాగారములలో, బ్యాంకులలో, ఆసుపత్రులలో, విశ్వవిద్యాలయములలో కూడ ఇట్టి అధికారులుందురు. సంస్థ చేయు పనిని ప్రజలకు తెలుపుట, ప్రజలు సంస్థను గూర్చి యేమనుకొనుచున్నారో సంస్థకు తెలుపుట, ఈ రెండును వారి విధులు. మన దేశములో ఈ వృత్తిలోని వారందరు కలసి 1958లో ఒక సంఘమును స్థాపించుకొనిరి. 1968 ఏప్రిల్ 21న ఢిల్లీలో వారి మొదటి అఖిల భారత మహాసభ జరిగెను. ఆ సభలోనే వృత్తి నీతి నియమావళిని స్వీకరించిరి. ఆ నియమావళి 1965లో ఏథెన్సు నగరమున అంతర్జాతీయ సంఘము వారు చేసికొన్నది, మానవ హక్కుల ప్రకటనను ఆధారముగా గొన్నది. 1986 నుండి ఏప్రిల్ 21ని జాతీయ ప్రజా సంబంధాల దినముగా జరుపుకొనుచున్నారు. మన తెలుగువారిలో డాక్టర్ సి.వి.నరసింహారెడ్డిగారు రాష్ట్ర సమాచార పౌర సంబంధాల శాఖకు సంచాలకులుగా పనిచేసి, ఈ విద్యకై ప్రత్యేకముగా ఒక పత్రికను హైదరాబాదు నుండి నడిపి, గ్రంథములు వ్రాసి, దీనికొక శాస్త్రగౌరవము కలుగుటకు పాటుపడిరి. కనుక ఇది నిన్న మొన్న పుట్టిన పని కాదు, నీతి లేని పనియు కాదు.

అయినను ఆ యువకుని సందేహము ఉత్త సందేహము కాదు. బసవేశ్వరుడు అంతరంగ శుద్ధికి, బహిరంగ శుద్ధికి ఏడు నిషేధములు చెప్పినాడని మీ యింట చిన్నపిల్లలకు కూడ తెలియును. అందులో అసత్యము ఒకటి. చివరి రెండు ఆత్మస్తుతి, పరనింద. సంస్థను పొగడుటకే జీతము తీసికొనువాడు ఆత్మస్తుతి చేయనివాడెట్లగును? నేను నన్ను పొగడుకొనలేదు, నా కంపెనీనే పొగడితిని అనుట చాలునా? ఎదుటి సంస్థ పేరు ఎత్తకయే దానిని తక్కువ చేసి వ్రాయు నేర్పు పరనింద కాదా? పైకి చూచిన మొదటి చూపులో ఈ ఉద్యోగము ఆ ఏడింటిలో మూడింటికి ఎదురు నిలిచినట్లే యున్నది. నేను కొన్ని దినములు ఇచ్చటనే ఆగిపోతిని.

నన్ను ముందుకు నడిపించినది బసవేశ్వరుని జీవితమే. మనము ఆయనను గురువుగా కొలుచుచు ఆయన ఒక ఉద్యోగి యని మరచిపోదుము. ఆయన బిజ్జలుని కొలువులో భండారి. రాజ్య ధనమునకు కాపలాదారు. జీతగాడు. ఆయనకును పై అధికారి కలడు, ఓర్వలేని తోటి ఉద్యోగులు కలరు, అపనిందలు కలవు. జంగమ దాసోహమునకై రాజు ధనమును దోచిపెట్టుచున్నాడని బిజ్జలుని చెవిలో వేసిరి. పాల్కురికి సోమనాథ కవి బసవపురాణమున ఈ కథను చెప్పినాడు. నిందపడిన బసవేశ్వరుడు ఏమి చేసెను? నేను ఎంతటి భక్తుడనో చూడుడని సభలో ఉపన్యసించెనా? కొండెములు చెప్పినవారి గుట్టు బయటపెట్టెనా? లేదు. భండారము తెరచి లెక్క చూచుకొమ్మనెను. లెక్కించిరి. ధనము తక్కువ పడలేదు.

ఈ కథలో మహిమ కలదు. భక్తులు దానిని మహిమగనే గ్రహింతురు, నేనును గ్రహింతును. కాని నేటి మన ప్రశ్నకు కావలసినది మహిమ కాదు, ఆ తలుపు తెరచుట. అపకీర్తికి ఆయన ఇచ్చిన ప్రత్యుత్తరము మాట కాదు, తాళపుచెవి. తలుపు తెరచినవాడు ఆత్మస్తుతి చేయనక్కరలేదు. చూచినవారే చెప్పుకొందురు. పరనిందయు అక్కరలేదు. పెట్టెలోని లెక్కయే నింద మోపినవానికి జవాబు.

ఈ కోణము నుండి చూచినచో పౌర సంబంధాల అధికారి పని సంస్థను పొగడుట కాదు. సంస్థ తలుపు తెరచి పట్టుకొని నిలుచుట. ఇప్పుడా యువకుని చేతిలో కూడ ఒక పనిముట్టు కనబడుచున్నది.

ఈ సత్యము మన దేశమునకే చెందినదని నేననను. ఈ వృత్తికి మూలపురుషులలో నొకడని చెప్పబడు ఐవీ లీ అనువాడు అమెరికాలో ఒక క్రైస్తవ బోధకుని కుమారుడు. 1906 అక్టోబరులో అట్లాంటిక్ సిటీ వద్ద పెన్సిల్వేనియా రైలు కంపెనీ వారి బండి ఒకటి వంతెనపై పట్టాలు తప్పి నీట పడి పలువురు మరణించిరి. ఆ కాలమున రైలు కంపెనీలు ఇట్టి సంగతులను దాచిపెట్టెడివి. లీ అందుకు విరుద్ధముగా జరిగినది వ్రాసి పత్రికలకు పంపినాడు, విలేకరులను ఆ చోటికి చేర్చుటకు ఏర్పాటు చేయించినాడు. నేటి పత్రికా ప్రకటనలన్నింటికిని అదియే ఆది యని ఆ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఇంతవరకు విని మీరు సంతోషింతురు. మిగిలిన కథ కూడ వినుడు. 1914లో కొలరాడో రాష్ట్రమునందలి లడ్లో అను చోట సమ్మెలోనున్న గని కార్మికుల గుడారములపై దాడి జరిగి స్త్రీలు, పిల్లలు చనిపోయిరి. గని యజమానుల పక్షమున కరపత్రములు పంచినవాడు ఆ లీయే. వాటిలో తప్పు అంకెలు దొరలినవి. విచారణ సంఘము వారు అడిగినప్పుడు, యాజమాన్యము చెప్పినదే వ్రాసితిని, నేను సరిచూడలేదు అని ఒప్పుకొనెను. చివరకు 1934లో, హిట్లరు ఏలుబడిలోని జర్మనీలో ఐ.జి.ఫార్బెన్ అను రసాయన సంస్థకు సలహాలిచ్చినందుకు అమెరికా చట్టసభ సంఘము ముందు నిలువవలసి వచ్చెను. ఆ యేడే మరణించెను.

తలుపు తెరచుట లోకమునకు నేర్పినవాడే తలుపు మూసినవానికి కాపలా కాచినాడు. దీక్ష ఒకనాడు తీసికొనునది. ఆచారము ప్రతిదినము చేయునది. సరిచూడలేదు అను ఆ ఒక్క మాట నన్ను చాల దినములు వేధించినది. అసత్యము చెప్పుట వేరు, సత్యమో కాదో చూడక చెప్పుట వేరు అని మనము సమాధానపడుచుందుము. లింగము ముందు ఆ రెండింటికి ఎంత భేదమున్నదో నాకు తోచకున్నది.

కోటపాడు వారికి ఈ సంగతి బెల్లముతో చెప్పిన సులభముగా తెలియును. అనకాపల్లి బజారులో దిమ్మ రంగును చూచి ధర కట్టుదురు. పచ్చగా మెరసినచో ఎక్కువ, నల్లబడినచో తక్కువ. కనుక కొందరు పెనములోని పాకమున హైడ్రోసు కలుపుదురు. రంగు వచ్చును. ఆ రంగు నిలుచునది కొన్నాళ్లే. రైతును మాత్రము అని యేమి లాభము? రంగునకు ధర కట్టిన కొనుగోలుదారుడు లేడా? సంస్థలును అంతే. మంచి పేరునకు ధర యెక్కువ కనుక పేరునకు రంగు వేయుమందురు. ఆ పెనము ముందు నిలుచున్నవాడు మన యువకుడు. హైడ్రోసు డబ్బా ఆయన చేతికే ఇత్తురు.

ఇక రెండవ విధి. ప్రజల మాటను లోపలికి మోసికొనిపోవుట. నా అభిప్రాయమున ఇదియే పెద్దది, దీనినే అందరు మరచుచున్నారు.

మన ఊళ్లలో తెల్లవారుజామున జంగమ దేవర ఘంట మ్రోగించుచు శంఖము పూరించుచు ఇంటింటికి వచ్చెడివాడు. ఆయన భిక్షకు మాత్రమే వచ్చెడివాడు కాదు. ఏ యింట శిశువు పుట్టెనో, ఏ యింట పొయ్యి వెలుగలేదో ఆయనకు తెలియును. ఆ వార్త మఠమునకు చేరెడిది. స్థావరము కదలదు, కనుక జంగమము కదలవలయును. కర్మాగారము స్థావరము. దాని గోడలకు చెవులు లేవు. ఊరి మాట వినివచ్చి లోపల వినిపించువాడు ఒకడు కావలయును. కల్యాణములోని అనుభవ మంటపమున అల్లమప్రభువు శూన్య సింహాసనమున కూర్చుండగా పేదవాడు, స్త్రీ, అంటరానివాడని లోకము త్రోసివేసినవాడు నోరు విప్పి ప్రశ్నించిరి. ఆ మంటపము గొప్పదనము అచ్చట పలికినవారి వలన ఎంతయో, విన్నవారి వలన కూడ అంత.

విననిచో ఏమగునో మనము కంటితో చూచితిమి. కోటపాడు నుండి పెందుర్తి మీదుగా పట్నము పోవు దారిలో, గోపాలపట్నము సమీపమున ఆర్.ఆర్.వెంకటాపురము కలదు. 2020 మే 7వ తేదీ తెల్లవారకముందే అచ్చటి ఎల్.జి.పాలిమర్స్ కర్మాగారము నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి నిద్రించుచున్న ఊరిపై పడినది. 12 మంది ప్రాణములు పోయినవి. వందలమంది ఆసుపత్రుల పాలైరి. పరుగెత్తుచు దారిలో పడిపోయినవారిని మనలో కొందరు చూచిరి. ప్రభుత్వము నియమించిన ఉన్నతస్థాయి సంఘము అదే జూలైలో నివేదిక ఇచ్చెను. హెచ్చరిక మీటలు కర్మాగారమున 36 చోట్ల కలవనియు, ద్వారము వద్ద కూడ ఒకటి కలదనియు, అయినను సైరను మ్రోగలేదనియు అందులో వ్రాసిరి.

శరణులారా! తక్కిన దోషములు యంత్రములవి, ఉష్ణోగ్రతలవి. వాటిని గూర్చి చెప్పుటకు నేను తగను. ఈ సైరను సంగతి మాత్రము మాటకు సంబంధించినది. ఒక సంస్థ తన పొరుగువారితో చెప్పవలసిన మాటలలో మొట్టమొదటిది, పారిపొమ్మను మాట, ఆ రాత్రి పలుకబడలేదు. అంతకు ముందు ఎన్ని పండుగ శుభాకాంక్షల ప్రకటనలు వెలువడినను ఆ ఒక్క మాటకు సరితూగవు. ఈ వృత్తిలోని మన బిడ్డలందరు తమ సంస్థలో ఆ మీట యెక్కడ నున్నదో, దానిని నొక్కువాడెవడో, అది మ్రోగిన యెడల ఏమి చేయవలయునో ఊరివారికి తెలియునో తెలియదో ముందుగా కనుగొనవలయునని నా మనవి. గోడపత్రికలు తరువాత వేసికొనవచ్చును.

మన పంచాచారములలో గణాచారము గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. శివుని నిందించినచో సహింపరాదు, గణముల గౌరవము కాపాడవలయును అనుట గణాచారము. కాని మనలో చాలమంది దీనిని, మనవాడు చేసిన తప్పును మనము కప్పవలయును అని అర్థము చేసికొన్నారు. ఉద్యోగములో చేరిన మన యువకులకు సంస్థయే గణమైపోవుచున్నది. సంస్థపై పత్రికలో ఒక విమర్శ వచ్చినచో శివనింద జరిగినట్లు లేతురు. గణాచారము ఒంటరిది కాదు. దాని ప్రక్కన సదాచారము కలదు, భృత్యాచారము కలదు. న్యాయముగా ఆర్జించుట సదాచారము. అందరికంటె చిన్నవాడనై సేవించుట భృత్యాచారము. ఈ రెండును విడిచిన గణాచారము ఉత్త కచ్చ.

ఈ మాట అనుచు మన మఠముల వైపు చూడకున్న న్యాయము కాదు. మన ఉత్సవముల కరపత్రములలో దాతల బిరుదులకు రెండు పుటలు, జమాఖర్చులకు రెండు పంక్తులు! మన పత్రికలలో సైతము పీఠాధిపతుల పర్యటనలకు దొరకు చోటు, ఏ యింట పిల్ల చదువు ఆగిపోయెనో చెప్పుటకు దొరకదు. బసవేశ్వరుడు రాజు భండారము తెరచి చూపినాడు. మనము దేవుని భండారము తెరచి చూపుటకు జంకుచున్నాము. సంపాదకులు ఈ వాక్యములను ఉంతురనియే నమ్ముచున్నాను.

జీతము మాటయు చెప్పవలయును. ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యము ఏరి తెచ్చెడివాడు. ఒకనాడు ఎక్కువ తెచ్చినప్పుడు ఆయన ఇల్లాలు లక్కమ్మ, ఇది మన కాయకమునకు మించినది, తిరిగి పోసిరమ్మని పంపివేసినది. ఈ వృత్తిలో మించినది ఏదో కనుగొనుట కష్టము కాదు. నిజము చెప్పినందుకు వచ్చునది జీతము. ఊరకున్నందుకు వచ్చునది మించిన బియ్యము. విలేకరుల చేతిలో పెట్టు కవరు కూడ అట్టిదే. ఇచ్చినవాడు, పుచ్చుకొన్నవాడు ఇరువురును పోసిరావలసినది.

ఇప్పుడు ఆ యువకుని కష్టము.

వానకాలమున ఆయన పనిచేయు చోటి నుండి వ్యర్థజలము కొంత గెడ్డలోనికి పోయినదట. గెడ్డ ప్రక్క ఊరి నూతి నీరు రంగు మారినది. ఆడవారు బిందెలతో వచ్చి ద్వారము వద్ద కూర్చుండిరి. పై అధికారి ఈయనను పిలిచి, మా ఆవరణ నుండి చుక్క నీరైనను వెలుపలకు పోలేదని ఒక ప్రకటన వ్రాయుమనెను. ఈయన ఉదయముననే పోయి గెడ్డను కంటితో చూచి వచ్చినాడు. ఇంటి వద్ద చెల్లెలి పెండ్లి అప్పు తీరలేదు. బల్ల ముందు కూర్చుండి గంటసేపు కలము కదపలేదట. తుదకు వ్రాసినది ఇది: నీరు వెలుపలకు వచ్చినది, ఎంత వచ్చినదో పరీక్షింపించుచున్నాము, ఫలితము వచ్చువరకు ఊరికి మంచినీటి బండ్లు పంపెదము. పై అధికారి ఆ కాగితమును మూడు దినములు తన వద్దనే ఉంచుకొనెను. నాలుగవ దినమున ప్రకటన వెలువడెను. మొదటి వాక్యము లేదు. తక్కిన రెండును ఉన్నవి.

"సగం నిజమే బయటికి వెళ్లింది అయ్యవారూ. ఆ సగం అబద్ధంలో నాకు వాటా ఉందా లేదా?" అని ఆయన నన్నడిగినాడు.

ఉద్యోగము విడువుమని చెప్పుట నాకు సులభము. నాకు నెలజీతము లేదు, అప్పు లేదు. ఆ సులభమైన మాట చెప్పుటకు నాకు నోరాడలేదు. విడిచినచో ఆ కుర్చీలో కూర్చుండు మరొకడు మూడు వాక్యములును కొట్టివేయునేమో! విడువకున్నచో నేడు ఒక వాక్యము, రేపు రెండు పోవునేమో! ఈ రెండు భయములును నిజమైనవే. నేను ఇట్లంటిని: "నాయనా! వాటా ఉంది. లేదని చెప్పి నిన్ను ఓదార్చలేను. కాని ఆ కాగితంలో మిగిలిన రెండు వాక్యాలూ నీవే కదా. వాటికి నీవు జవాబుదారీ. నీటి బండి వెళ్తోందా లేదా చూశావా? పరీక్ష ఫలితం వచ్చిన రోజున ఆ ఊరివాళ్లకు ముందు చెప్తావా, పత్రికకు ముందు చెప్తావా? మొదటి వాక్యం నీ నోటితో ఆ ఊళ్లో చెప్పడానికి నీకు ఎవరి సంతకం కావాలి?"

ఆయన చాలసేపు మాటలాడలేదు. తరువాత ఆఖరి బస్సుకు వేళయైనదని లేచిపోయెను.

ఈ పర్యాయము నేను రాగానే కనబడినాడు. ఉద్యోగము విడువలేదు. పై అధికారి ఆయనతో మునుపటివలె మాటలాడుట లేదట. పరీక్ష ఫలితమును ముందుగా ఆ ఊరి రచ్చబండ వద్దనే చదివినాడట. ఫలితము కంపెనీకి మంచిది కాదు. దానికంటె ముందు, నీటి బండితో తానే పోవుట మొదలిడినాడు. మొదటి దినము నీరు వచ్చినది మా గెడ్డ వైపు నుండియే అని ఆడవారితో చెప్పినాడు. వారు తిట్టిరి. రెండవ దినము ఎవరును ఆయన ముఖము చూడలేదు. మూడవ దినము ఒక ముసలమ్మ బిందె దించుకొని, "రేపు బండి ఎన్ని గంటలకొస్తాది బాబూ?" అని అడిగినదట.

ఆరు గంటలకని చెప్పి, మరునాడు అయిదున్నరకే పోయి అచ్చట నిలిచితినని ఆయన నాతో చెప్పినాడు.